ప్రయోగశాలలో వేషనియమము

ప్రయోగశాలలో ధరింపవలసిన దుస్తులను గూర్చి నియమములు విధించినచో, అవి తమ స్వేచ్ఛకు సంకెళ్ళని కొందరు విద్యార్థులు తలంతురు. అవి కేవలము మర్యాదకు సంబంధించినవని పెద్దలలో కొందరు భావింతురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ఆ నియమములు అగ్నియొక్కయు, ఆమ్లముయొక్కయు స్వభావమునుండి పుట్టినవి.

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు చెంతనున్న లాడ్ బజారు లక్కగాజులకు పేరెన్నికగన్నది. అచ్చటి పనివారు లక్కను నిప్పుసెగపై మెత్తపరచి గాజులుగా మలచుదురు. పండుగనాడు చేతికి శోభనిచ్చు ఆ గాజే దీపపుమంట దాపున మెత్తబడి హాని చేయగలదు. నైలాను, పాలియెస్టరు వస్త్రములును అట్టివే. అవి సుమారు 260 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరగి చర్మమునకు అంటుకొనును. నూలుబట్టయు కాలును గాని, కరగి అంటుకొనదు.

2008 డిసెంబరులో అమెరికాయందలి లాస్ ఏంజిలిస్ నగరమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, గాలి సోకగనే మండు ద్రవమొకటి చింది, పరిశోధన సహాయకురాలి దుస్తులకు నిప్పంటుకొన్నది. ఆమె పట్టభద్రురాలు, చదువునకు కొదువలేదు. కాని రక్షణకోటు లేదు. ఒంటిమీదనున్నది కృత్రిమ దారముతో అల్లిన స్వెటరు. 2009 జనవరిలో ఆమె మరణించినది.

పాతబస్తీ విద్యాలయములలో బురఖా ధరించు బాలికలును, దుపట్టా వేసికొను బాలికలును, జడలల్లుకొను బాలికలును కలసి చదువుచున్నారు. ఈ నియమము ఎవరి ఆచారమునకును శత్రువు కాదు. తలపై కప్పుకొనునది నూలుదై, దాని కొసలు కోటులోనికి దోపబడిన చాలును. జడ ముడివేసికొనవలెను. గాజులు తీసి ఉంచవలెను. బాలురైనను, బాలికలైనను కోటు గుండీలు పెట్టుకొని, కండ్లకు రక్షణాద్దములను, పాదములను పూర్తిగా కప్పు బూట్లను ధరింపవలెను. మంటకు మతభేదము లేదు, నియమమునకును ఉండరాదు.

అయితే, కోటు కొనజాలని బీదవిద్యార్థిని గుమ్మము వెలుపల నిలుపుట న్యాయము కాదు. కోటు లేకయే లోనికి పంపుట దయయు కాదు. కావున ప్రతి పాఠశాలయు గాజుకుప్పెలను, దీపములను కొనునపుడే నూలుకోట్లను, కండ్లద్దములను గూడ కొని, ప్రయోగశాల ద్వారముకడ నుంచవలెను. పరికరములు పాఠశాలవైనపుడు రక్షణభారము మాత్రము బాలురదెట్లగును? ఉపాధ్యాయుడు తాను ముందుగా కోటు తొడుగుకొన్నచో, ఆ నియమమును విద్యార్థులకు వేరుగా బోధింప నక్కరలేదు.