పెండ్లి ఫొటోలో ముందు ఎవరు నిలబడాలి?



ఈ మధ్య పెండ్లి కుదిరిన ఇంటివారు మందిరం తేదీ కంటే ముందే ఫొటోగ్రాఫర్ తేదీ అడుగుతున్నారు. అది తప్పని నేను అనను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుండి చెన్నైకి, హైదరాబాదుకు పనికి పోయిన కుటుంబాలు ఎన్నో. అందరూ ఒక్కచోట నిలబడేది పెండ్లిరోజునే. కాబట్టి ఫొటో కావాలి. అయితే ఎవరి ఫొటో కావాలో ముందే అనుకోవాలి.

రెండేళ్ల క్రితం రాజాం దగ్గర ఒక పల్లెలో వివాహం జరిపించాను. పది గంటలకు ఆరాధన అనుకున్నాం. పెండ్లికుమార్తె ఫొటోలన్నీ ముగించుకొని వచ్చేసరికి పన్నెండు దాటింది. ఉంగరం తొడిగాక, "అయ్యగారూ, సరిగా రాలేదు, ఇంకోసారి తొడిగించండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. నేను ఒప్పుకోలేదు. దేవుని ఎదుట చేసిన ప్రమాణం రిహార్సల్ కాదు.

కానీ నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అది కాదు. పెండ్లికుమార్తె మామ్మ ముందు వరుసలో కుర్చీలో కూర్చుంది. "నన్నెప్పుడు తీస్తారు బాబూ?" అని రెండుసార్లు అడిగింది. "ఉండు మామ్మా, జంటవి అయిపోనీ" అన్నారు. డ్రోన్ ఎగిరింది, భోజనాలు అయ్యాయి. నడుము నొప్పి పుట్టి మామ్మ ఇంటికి వెళ్లిపోయింది. ఆ సంవత్సరమే ఆమె ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన రోజున పెట్టడానికి ఫొటో వెతికితే, అంత పెద్ద ఆల్బమ్‌లో ఆమె ఎక్కడా లేదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించారు. ఆ రోజు మైకు నా చేతిలోనే ఉంది. నేనొక్క మాట చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

యోహాను సువార్త 2వ అధ్యాయంలోని కానా పెండ్లి చూడండి. అక్కడ వధూవరుల పేర్లే లేవు, వారి అలంకారం గురించి ఒక్క మాటా లేదు. ఆరు రాతి బానలున్నాయి, వాటిని నీళ్లతో నింపిన పరిచారకులు ఉన్నారు. మన ఆల్బమ్‌లో నీళ్లు మోసినవారికి, వంట చేసినవారికి ఒక పేజీ అయినా ఉందా?

కాబట్టి వారం ముందే ఒక కాగితం మీద పేర్లు రాసి ఫొటోగ్రాఫర్‌కు ఇవ్వండి. ఆరాధన ముగియగానే, భోజనాలకు ముందే, మొదట ముసలివారిని తీయించండి. ప్రమాణాల వేళ కెమెరా దూరంగా ఉండాలని చెప్పండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, వివాహం ఉదయం 6 నుండి సాయంత్రం 7 గంటల లోపే జరగాలి. కెమెరా కోసం పొద్దు పోనివ్వకండి. రిజిస్టరులో సాక్షులు సంతకం పెట్టే ఫొటో మాత్రం మరువకండి. కళింగపట్నం తీరాన షూటింగ్ కావాలంటే వేరే రోజు పెట్టుకోండి, అదీ చేతిలో డబ్బుంటేనే. ఆల్బమ్ కోసం వడ్డీకి తెచ్చిన అప్పు కొత్త కాపురం మీద పడుతుంది.

మీ ఇంట పెండ్లి ఉంటే, ఈ రాత్రే ఆ కాగితం తీసి మొదటి పేరు రాయండి. మామ్మ పేరు, తాత పేరు.

ప్రభువు మీ గృహాలను దీవించును గాక. ఆమెన్.