చేరే దారి ఉంది, మారే దారేది?

రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవులకు వనపర్తి వచ్చిన మా చిన్నమ్మాయి, సంచిలోంచి మైక్రోబయాలజీ రికార్డు తీసి నా ముందు పెట్టింది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. పేజీ పేజీకి సంతకం ఉంది. ‘‘అమ్మా, ఇండ్ల ఒక్కటి కూడా నేను చేసింది కాదు. సీనియర్ రికార్డు చూసి ఎక్కిచ్చిన. మైక్రోస్కోపు ఇంతవరకు ముట్టుకోలే’’ అంది.

నేను ప్రభుత్వ బడిలో 22 ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఉన్న నాలుగు పరీక్షనాళికలతోనైనా ప్రతి పిల్లా చేత్తో చేసి చూడాలని పట్టుబట్టేదాన్ని. అలాంటిది, నా బిడ్డనే రికార్డు రాసుకునే చోట చేర్పించానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీ అనుకున్నాం. ల్యాబు తలుపు తీయించి చూడాలన్న ఆలోచనే మాకు రాలేదు. తన స్నేహితురాలు మా ఊరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదువుతోంది, అక్కడ ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తారు, రెండో ఏడాదికి అక్కడికి మారతానంది. సరేనన్నాను.

డిగ్రీలో చేరడం మన రాష్ట్రంలో ఇప్పుడు తేలిక. 2016లో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం దోస్త్ వచ్చాక 200 రూపాయలు కట్టి, ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఒక విడతలో రాకపోతే మరో విడత ఉంటుంది. చేరిన కాలేజీలోనే గ్రూపు మార్చుకోవాలన్నా దానికీ ఒక విడత ఉంది. అదే, ఏడాది చదివాక కాలేజీ మారాలంటే? ఏ కాలేజీలో ఏ గ్రూపులో రెండో ఏడాది సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒక్కచోట చూసుకునే వీలు మాకు దొరకలేదు. రెండు కాలేజీల ఎన్‌ఓసీలు, విశ్వవిద్యాలయం మారుతోంది గనుక దాని అనుమతి, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్... ఒక్కో కాగితం సంగతి ఒక్కొక్కరిని అడిగి తెలుసుకున్నాను. ఆ వేసవిలో ఎనిమిదిసార్లు హైదరాబాద్ బస్సెక్కాను.

ఆ ప్రైవేటు కాలేజీలోనైతే మిగిలిన రెండేళ్ల ఫీజూ కడితేనే టీసీ ఇస్తామన్నారు. టెన్త్, ఇంటర్ మెమోలు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పెట్టుకోకూడదనీ, చదివే సెమిస్టరుకో సంవత్సరానికో తప్ప ముందస్తుగా ఫీజు వసూలు చేయకూడదనీ యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాకే బీరువా తెరుచుకుంది. నాకు చదువొచ్చు, ఇంటర్నెట్‌లో వెతకడం వచ్చు, సెలవు పెట్టుకునే ఉద్యోగం ఉంది. కూలికి పోయే తల్లి అయితే ఏం చేసేది? బిడ్డను అక్కడే ఉండమనేది. లేదా చదువే మానిపించేది.

ఆ ఉత్తర్వులోనూ నాకొక లోటు కనిపించింది. ప్రవేశాల గడువుకు 15 రోజుల ముందే మానుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ చార్జీ పోను కట్టిన ఫీజంతా వెనక్కి వస్తుంది. గడువు దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 15 దాటి 30 రోజుల్లోపు అయితే 50 శాతం. నెల దాటితే రూపాయి రాదు. కాలేజీ ఎలాంటిదో నెలలో పిల్లలకేం తెలుస్తుంది? మొదటి ప్రాక్టికల్ పరీక్ష రాశాక కదా తెలిసేది!

2020 జాతీయ విద్యా విధానం వచ్చింది. 2021లో క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకు వచ్చింది. సంపాదించిన క్రెడిట్లు విద్యార్థి వెంటే వస్తాయన్నారు. మంచి ఆలోచన. కానీ మా అమ్మాయి చదివింది అటానమస్ కాలేజీ, సిలబస్ వాళ్లదే. రెండు పేపర్లు ఇక్కడి సిలబస్‌తో సరిపోలేదు. తరగతులు మొదలైన ఆరు వారాలకు చేరి, ఆ రెండూ అదనంగా రాసింది. రాయాల్సినవి రాయడంలో తప్పు లేదు. రాయాలని ముందే తెలిసుంటే ఆ వేసవంతా చదువుకునేది.

అందుకే నేను కోరేది ఒక్కటే. రెండో సెమిస్టర్ ఫలితాలు రాగానే అదే దోస్త్‌లో బదిలీలకూ ఒక విడత పెట్టాలి. అందులో రెండో ఏడాది ఖాళీలు కాలేజీలవారీగా చూపాలి. మారితే ఏ పేపర్లు అదనంగా రాయాలో దరఖాస్తుకు ముందే తెలియాలి. పక్షం రోజుల్లో కాలేజీ జవాబు చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్కగట్టాలి. అలాగైతే పిల్లల్ని కూర్చోబెట్టుకోవడానికి కాలేజీలు బీరువా తాళాన్ని కాక ల్యాబును నమ్ముకుంటాయి.

ఇక మనవైపు నుంచి జరగాల్సింది ఒకటుంది. ఆడపిల్ల పట్నం నుంచి మధ్యలో తిరిగొస్తే చూపులు మారతాయి. ‘‘ఏమైందక్కా, బిడ్డ వాపసొచ్చింది?’’ అని మా వీధిలో ఎందరడిగారో. వాళ్ల గొంతులో ఉన్న అనుమానం మా అమ్మాయికీ అర్థమయ్యేది. మొదట్లో నేను ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ఓ సాయంత్రం తను కాలేజీ నుంచి వచ్చి, వేళ్లకంటిన ఊదారంగు మరక చూపించింది. బ్యాక్టీరియాకు రంగు అద్ది, లెన్సు కింద తానే చూసిందట. సబ్బుతో కడిగినా రెండు రోజులు పోలేదది. ఆ తర్వాత ఎవరడిగినా నా జవాబు ఒక్కటే: ‘‘సదువుకోనీకె వచ్చింది.’’