ప్రభువు అన్న ఒక్క మాట

క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైకియాలో సభ కూర్చి, అంతవరకు మనిషిగా ఉన్న యేసును ఓట్లతో దేవుణ్ణి చేశాడట! 2003లో వెలువడిన డాన్ బ్రౌన్ నవల ద డావిన్చీ కోడ్ పుణ్యమా అని ఈ మాట చదువరుల్లో చరిత్రగా చెల్లుబాటవుతోంది. దాని ఆధారంగా వచ్చిన సినిమాను 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది, మంచిదే. నిషేధం కోరిన పెద్దలు ఆ శ్రమలో పదోవంతు పౌలు లేఖలను విప్పి చూపడానికి వెచ్చించవలసింది.

రోమీయులకు పౌలు రాసిన లేఖ క్రీ.శ. 57 ప్రాంతానిది. అంటే నైకియాకు రెండున్నర శతాబ్దాలకు పైగా ముందు. సిలువ మరణానికి ముప్ఫై ఏళ్లలోపు. దాని పదో అధ్యాయం చూడండి. తొమ్మిదో వచనంలో యేసును ప్రభువని ఒప్పుకోమంటాడు. పదమూడో వచనానికి వచ్చేసరికి, ప్రభువు నామాన్ని వేడినవారికి రక్షణ కలుగుతుందన్న యోవేలు ప్రవక్త మాటను ఉదాహరిస్తాడు. ఇక్కడే తెలుగు పాఠకుడికి ఒక చిక్కుంది. యోవేలు 2:32 తీసి చూస్తే మన బైబిలులో అక్కడున్నది ప్రభువు కాదు, యెహోవా! హీబ్రూలోని ఆ దివ్యనామాన్ని గ్రీకులో ‘క్యూరియోస్’ అని చదివేవారు. పౌలు రాసిందీ గ్రీకులోనే. మన అనువాదం పాత నిబంధనలో యెహోవా అని, కొత్త నిబంధనలో ప్రభువు అని పెట్టడంతో ఆ లంకె కంటికి కనబడకుండా పోయింది.

క్యూరియోస్ అంటే ‘అయ్యగారూ’ అన్నంత మాటే కదా అనేవారున్నారు. నిజమే, దాసుడు యజమానిని అలాగే పిలిచేవాడు. కాని ఒక మనిషిని మర్యాదగా పిలవడానికి, ప్రవక్త యెహోవాను గూర్చి పలికిన వాక్యాన్ని ఎవరూ అరువు తెచ్చుకోరు. ఫిలిప్పీ లేఖ రెండో అధ్యాయానిది మరింత తెగువ. యెషయా 45లో తాను తప్ప వేరు దేవుడు లేడన్న యెహోవా, ప్రతి మోకాలూ తన ఎదుటే వంగుతుందని ప్రమాణం చేస్తాడు. పౌలు ఆ మోకాళ్లను యేసు నామాన వంచాడు. ఏకదేవారాధనలో పెరిగిన పరిసయ్యుడు ఆ పని తెలియక చేశాడనగలమా? పైగా ఇది పౌలుకు ముందే సంఘాల్లో పాడుకున్న కీర్తన అని పలువురు పండితుల అభిప్రాయం. అన్యుల సాక్ష్యమూ ఉంది: క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునిగా కీర్తిస్తున్నారని తెలిపాడు.

మరి నైకియాలో జరిగిందేమిటి? అలెగ్జాండ్రియాకు చెందిన ఏరియస్ సైతం యేసును ఉత్త మనిషి అనలేదు. లోకసృష్టికి ముందే దేవుడు కలిగించినవాడన్నాడు. కుమారుడు సృష్టింపబడినవాడా, తండ్రితో ఏకతత్త్వం గలవాడా అన్నదే అక్కడి తగవు. ఏరియస్ పక్షం వహించదలచినవారు ఓట్ల కథ కట్టిపెట్టి, మార్కు 13:32 పట్టుకుని రండి. అది నిజంగా గట్టి వచనం. దాని మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు.