అరిగిన గేరు

గోదావరిఖని నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం నా ముందున్నది. భర్త బావిలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఐ.టి.ఐ. ముగించిన కుమారుడు త్రీడీ ప్రింటింగ్ నేర్చుకొంటానని పట్టుబట్టాడట. "ఇది బొమ్మలాటా, బ్రతుకుతెరువా? ఫీజు కోసం నా పుస్తెలతాడు కుదువ పెట్టనా?" అని ఆమె అడిగారు.

అమ్మా, ముందు ఆ తాడు మెడలోనే ఉండనివ్వండి.

కంప్యూటరులో వస్తువు ఆకారం గీస్తే, యంత్రం దానిని పొరలుగా కోసుకొని ఒక్కొక్క పొరనే పోస్తుంది. మీరు సంక్రాంతికి సకినాలు చుట్టడం లేదా? అదే పని. సన్నని ప్లాస్టిక్ తీగ సుమారు 200 డిగ్రీల వేడిలో కరిగి, ముక్కులోనుండి దిగుతూ, చుట్టు మీద చుట్టుగా పేరుకొంటుంది. ఒక్కొక్క పొర మందం 0.2 మిల్లీమీటర్లనుకొంటే, సెంటీమీటరు ఎత్తుకు 50 పొరలు. చిన్న గేరుకైనా గంటలు పడుతుంది. బొమ్మలాట మాత్రం కాదు. హైదరాబాదు కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న పంపిన విక్రమ్-ఎస్ రాకెట్టులో ఈ పద్ధతిలో చేసిన లోహపు భాగాలున్నవి. 2023 మార్చిలో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్‌లోనూ ఇటువంటి యంత్రాలున్నవి.

మీవాడు అడిగే మరొక పని స్కానింగ్. వెలుతురు పంపి వస్తువు ఉపరితలాన్ని లక్షల చుక్కలుగా పట్టుకొనే పని అది. నల్లగా, నూనెతో మెరిసే ముక్క దానికి సరిగా చిక్కదు. శుభ్రంగా తుడిచి తెల్లని పొడి చల్లవలసి వస్తుంది. (మన బొగ్గు ఊళ్లలో ఏ ముక్క తెల్లగా ఉన్నది గనుక!) అంతకంటె పెద్ద చిక్కు వేరే ఉన్నది. పళ్లు అరిగిన గేరును స్కాన్ చేస్తే, అరిగిన గేరే అచ్చవుతుంది. కొత్తలో ఆ పన్ను ఎంత ఉండేదో యంత్రానికి తెలియదు. మీ ఇంటాయనకు తెలుసు.

పోత పనివారు చెక్క అచ్చును కావాలనే కాస్త పెద్దదిగా చేస్తారు. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు ఒక సెంటీమీటరు ముడుచుకొంటుంది. ప్లాస్టిక్ కూడా ముడుచుకొంటుంది. రకాన్ని బట్టి ఎక్కువ తక్కువలు. ఈ లెక్క తెలియనివాడు గీసిన గేరు తెర మీద చక్కగా ఉంటుంది, ఇరుసు మీద మాత్రం కూర్చోదు.

నా తమ్ముని కుమారుని విషయంలో నేను తొందరపడ్డాను. ఫీజంతా ముందే కట్టించుకొన్నచోట ఆరు నెలలపాటు తెర మీద బొమ్మలే చూపించారు. ఒక్క ముక్కయినా వాని చేత చేయించలేదు. కాబట్టి మీవాని చేత ముందు వెర్నియర్ కాలిపర్ కొనిపించండి. గీయడానికి ఫ్రీక్యాడ్ అనే ప్రోగ్రాము ఉచితమే. దగ్గరి బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే ప్రింటరు చూడనిస్తారేమో హెడ్మాస్టరుగారిని అడగండి. ఫీజు మాట ఆ తరువాత.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో చేసిన ప్లాస్టిక్ ముక్కను ఎవరు అడిగినా బావిలోనికి పంపవద్దు. వేడి, బరువు, గ్యాసు ఉన్న చోటు అది. అక్కడి పరికరాలలో చాలావాటికి గనుల భద్రతా శాఖ ఆమోదం కావాలి.

ఇంట్లో గేరు విరిగిన పాత బొమ్మకారో, గడియారమో ఉంటే తండ్రీకొడుకులను దాని ముందు కూర్చోబెట్టండి. ఆయన కొలత చెప్పాలి, వాడు గీయాలి. మూడుసార్లు చేసినా కుదరకపోతే ఆ కొలతల కాగితం నాకు పంపండి.