బల్బు మారింది సరే, వెలుగు రంగు సంగతేమిటి?

ఎల్.ఇ.డి. బల్బులు వచ్చాకే కళ్ళజోళ్ళు పెరిగాయని, పాత పచ్చబల్బే ఆరోగ్యానికి మంచిదని రేపల్లె, తెనాలి, బాపట్ల ప్రాంతాలలో చదువుకున్నవారి నోటనే తరచుగా వినవస్తోంది. ఈ వాదంలో ముప్పాతిక వంతు అపోహ. మిగిలిన పాతికలో ఒక నిజం ఉంది. దానిని ఎవరూ పట్టించుకోవడం లేదు. నా పేచీ ఈ రెండింటితోనూ.

ముందు పాత బల్బు నిర్వాకం చూద్దాం. గాజుబుడ్డిలో ఉండేది వెంట్రుకకన్న సన్నని టంగ్‌స్టన్ తీగ. విద్యుత్తు ప్రవహించినప్పుడు అది సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ వరకు కాగి వెలుగుతుంది. 3,400 డిగ్రీలు దాటితేగాని కరగదు కనుకనే ఆ లోహాన్ని ఎంచుకున్నారు. గాలి తగిలితే క్షణంలో కాలిపోతుంది కనుక లోపల ఆర్గాన్ వంటి జడవాయువు నింపుతారు. అయినా తీగ కొద్దికొద్దిగా ఆవిరై, గాజు నల్లబడి, సుమారు 1,000 గంటలకు తెగిపోతుంది. స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కువగా మాడిపోవడం మీరు గమనించే ఉంటారు. చల్లని తీగకు నిరోధం తక్కువ కాబట్టి కరెంటు ఒక్కసారిగా పదింతలై దూసుకుపోతుంది. చిక్కిపోయిన చోట తీగ తెగుతుంది.

ఇంత చేసి, తీసుకున్న విద్యుత్తులో వెలుగుగా మార్చేది దాదాపు ఇరవయ్యో వంతు. మిగతాదంతా వేడి. వార్మర్లు లేని రోజులలో నెలలు నిండని శిశువులపై మేము 100 వాట్ల బల్బులు వేలాడదీసి వెచ్చదనం కల్పించేవాళ్ళం. కోళ్ళఫారాలలో పిల్లలకూ అదే ఏర్పాటు. ఆ పనికి అది భేషైన వస్తువే. మే నెల ఉక్కపోతలో ఆ కుంపటిని నడినెత్తిన వేలాడదీసుకుని, కింద ఫ్యాను తిప్పుకోవడం ఏమి వివేకం?

60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. ఇంచుమించు అంతే వెలుగునిచ్చే 7 వాట్ల ఎల్.ఇ.డి.కి ఒక యూనిట్ చాలు. 2014లో అప్పటి గుంటూరు జిల్లాతో సహా నాలుగు జిల్లాలలో ఇంటికి రెండేసి ఎల్.ఇ.డి. బల్బులను పదేసి రూపాయలకు ఇచ్చినది ఇందుకే. ఆ తరువాత ఉజాలా పేరుతో దేశమంతటా 36 కోట్లకు పైగా పంచారు. పైగా, లైను చివరి ఊళ్ళలో సాయంత్రం వోల్టేజి 180కి పడితే పాత బల్బు వెలుగు సగానికన్న తగ్గి ఎర్రబడేది. ఆ గుడ్డివెలుగులో చదువుకున్న తరమే ఇప్పుడు దానిని పొగుడుతోంది!

ఇక కళ్ళ మాట. ఆరోగ్యవంతులకు మామూలు వాడకంలో ఎల్.ఇ.డి. వెలుగు నేరుగా హాని చేస్తుందనడానికి ఆధారాలు లేవని ఐరోపా సంఘపు శాస్త్రీయ సలహా కమిటీ 2018లో తేల్చింది. పిల్లలలో దూరపుచూపు మందగించడానికి ఆరుబయట గడిపే సమయం తగ్గడం, పుస్తకానికీ ఫోనుకూ కళ్ళు అతుక్కుపోవడం ముఖ్య కారణాలు. తప్పు బల్బు మీదికి నెట్టి ఫోను చేతికివ్వడం పెద్దలకు సులువైన పని.

నిజం మరోచోట ఉంది. రెటీనాలో పగలో రాత్రో మెదడుకు తెలియజేసే ప్రత్యేక కణాలు వెలుగుకు నేరుగా స్పందిస్తాయని 2002లో రుజువైంది. నీలికాంతి వాటిని అధికంగా ప్రేరేపిస్తుంది. అప్పుడు నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ తగ్గుతుంది. మన దుకాణాలలో అడగకుండానే చేతిలో పెట్టే బల్బు 6,500 కెల్విన్ తెల్లనిది. దానిలో నీలి పాలు ఎక్కువ. తెలుపు అంటే ఎక్కువ వెలుగు అన్న భ్రమ అమ్మేవారికీ ఉంది, కొనేవారికీ ఉంది. పడకగదిలో రాత్రి పదింటి దాకా దానిని వెలిగించి, నిద్ర పట్టడం లేదని మాత్ర అడిగేవారికి నేను మొదట వేసే ప్రశ్న వారి బల్బు గురించే. నిద్రలేమికి కారణాలు మరెన్నో ఉండవచ్చు, కానీ దీనిని సరిదిద్దడానికి మందులచీటీ అక్కరలేదు.

పచ్చబల్బు వెలుగు సుమారు 2,700 కెల్విన్. అదే రంగు ఎల్.ఇ.డి.లోనూ దొరుకుతుంది, పెట్టెమీద ‘వార్మ్ వైట్’ అని ఉంటుంది. కరెంటు ఆదా అంతే, ధరలో తేడా స్వల్పం. వంటింటికీ చదువుకునే బల్లకూ తెల్లనిది ఉంచుకోండి. పడకగదికి మాత్రం 2,700 లేదా 3,000 అంకె చూసి అడగండి. మా దగ్గర లేదంటే తెప్పించమనండి. నలుగురు అడిగితే ఐదోవారం అంగట్లో అదే ఉంటుంది.