మూడు నాబ్‌ల డబ్బా, వెర్షన్ పిచ్చి

కొత్త వెర్షన్ వచ్చిందంటే చాలు, పాతది పనికిరాదని తేల్చేసే జబ్బు మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదు. ఫోన్ల విషయంలో ఉంటే ఉండనీండి, ఎవరి జేబు వాళ్ళది. కానీ ఇక్కడ ఇంగ్లండులో శని, ఆదివారాలు మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని పొలాల వెంట తిరిగే మనవాళ్ళు కూడా అదే పాట పాడుతుంటే నాకు ఒళ్ళు మండుతోంది. "ఇంకా ఆ డబ్బానే వాడుతున్నావా అన్నా? దానికి కనీసం స్క్రీన్ కూడా లేదు" అన్నాడు మా ఆఫీసులో ఓ తమ్ముడు. నిజమే, లేదు. 1990ల నాటి అనలాగ్ టెసోరో అది. మూడు నాబ్‌లు, ఓ స్పీకరు, అంతే. ఇదే గొప్పదని నేను వాదించబోవట్లేదు. పాతది ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అని లెక్క చూసుకోకుండా, లేటెస్ట్ అన్న ఒక్క ముక్కతో తీర్పు చెప్పేస్తే మనం చదివిన ఇంజనీరింగు దేనికండీ అంటున్నాను.

ముందు లోతు సంగతి చూద్దాం, అమ్మేవాడు మొదట ఊదరగొట్టేది దాని గురించే కాబట్టి. డిటెక్టర్ పని చేసే తీరు చాలా సింపుల్. కాయిల్లోంచి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళ్తుంది. అక్కడ నాణెం ఉంటే దాన్లో ఎడ్డీ కరెంట్లు పుడతాయి. వాటివల్ల పుట్టిన బుల్లి క్షేత్రం మళ్ళీ పైకొస్తే రిసీవర్ కాయిల్ పట్టుకుంటుంది. చిక్కంతా ఈ రానూపోనూ ప్రయాణంలోనే ఉంది. కాయిల్ సైజు కన్నా దూరంగా ఉన్న చిన్న వస్తువు విషయంలో, వెళ్ళేటప్పుడు బలం సుమారుగా దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అంతే. రెండూ కలిపితే ఆరో ఘాతం. లూపులో ఇంకో లూపు రాస్తేనే కోడ్ రివ్యూలో గోల చేసే మనకి, ఆరో ఘాతం అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

అంకెల్లో చూడండి. మీ పాత మిషన్ ఒక నాణేన్ని 8 అంగుళాల దగ్గర పడుతోందనుకుందాం. అదే కాయిల్‌తో 10 అంగుళాల దగ్గర పట్టాలంటే దాదాపు 4 రెట్లు బలహీనమైన సిగ్నల్ని గుర్తుపట్టాలి. 16 అంగుళాలకి వెళ్ళాలంటే 64 రెట్లు. యాంప్లిఫయర్ పెంచేస్తే సరి అంటారా? నేలలో ఉన్న ఇనుప ఖనిజం సద్దు కూడా దాంతోపాటే పెరుగుతుంది కదా! అందుకే 30 ఏళ్ళలో ప్రాసెసర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికో పోయినా, మామూలు నేలలో నాణెం లోతు మాత్రం అంగుళాల్లోనే కొట్టుకుంటోంది. మా పెరట్లో ఒక పెన్నీని పాతిపెట్టి నా డబ్బానీ, తమ్ముడి కొత్త మిషన్నీ పక్కపక్కన ఆడించాం. కొత్తది ఓ అంగుళం పైచిలుకు ఎక్కువ లోతుకి విన్నది. దానికి పెట్టిన డబ్బు మాత్రం పాతదాని కన్నా ఎనిమిది రెట్లు. (అప్పుడే పాతిన నాణెం, ఎప్పటినుంచో మట్టిలో ఉన్న నాణెం ఒకలా పలకవని నాకూ తెలుసు. కానీ ఆ తేడా రెండు మిషన్లకీ ఉంటుంది.)

మరి కొత్తవాళ్ళు ఇన్నేళ్ళూ చేసిందేమీ లేదా అంటే, ఉంది. అది ఒప్పుకోకపోతే నాదీ మొండివాదమే. తుప్పు మేకులు చల్లినట్టుండే పాత ఇళ్ళ జాగాల్లో అసలు తేడా తెలుస్తుంది. మేకు పక్కనే వెండి నాణెం ఉంటే పాత మిషన్ మేకు దగ్గర మూగబోయి, తేరుకునేలోపు నాణెం దాటిపోతుంది. ఇప్పటి డిజిటల్ మిషన్లు మిల్లీసెకన్లలో తేరుకుని రెండింటినీ విడివిడిగా చెబుతాయి. ఆ జాగాలోనే మీ వేటంతా అయితే కొనండి, నేనేమీ అడ్డుపడను. సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో కూడా ఒక్క ఫ్రీక్వెన్సీ మీద నడిచే నాబోటి డబ్బా పిచ్చిగా కూస్తుంది, అక్కడ మల్టీ ఫ్రీక్వెన్సీ ఉండాల్సిందే. కాకపోతే ఈ మల్టీ ఫ్రీక్వెన్సీని నిన్న మొన్న కనిపెట్టినట్టు చెబుతారు చూడండి, అక్కడే నాకు నవ్వొస్తుంది. మైన్‌లాబ్ వాళ్ళ సావరిన్ 1991 నుంచే ఆ పని చేస్తోంది. 2018లో వచ్చిన ఈక్వినాక్స్ దాన్ని బాగా వేగంగా, తేలిగ్గా, చవగ్గా చేసింది. అది మంచి ఇంజనీరింగే, కాదనను.

నిజంగా మలుపు అనదగ్గది ఒకటుంది. ఆస్ట్రేలియా బంగారు క్షేత్రాల ఎర్రనేల ఇనుముతో నిండి ఉంటుంది. అక్కడ మామూలు డిటెక్టర్లు నేల గొడవకే చెవుడొచ్చినట్టు అయిపోయేవి. 1995లో అదే మైన్‌లాబ్ ఎస్‌డీ 2000 అని పల్స్ ఇండక్షన్ మిషన్ తెచ్చింది. అందరూ వెతికి వదిలేసిన నేలలోంచే మళ్ళీ బంగారు ముద్దలు బయటపడ్డాయి. మారింది వెర్షన్ నంబరు కాదండీ, పనిచేసే సూత్రమే మారింది. మోడల్ ఏ ఏడాదిదని అడిగేబదులు సూత్రం మారిందా లేదా అని అడగాలి. సూత్రం మారనిచోట పాతవి హాయిగా బతుకుతున్నాయి. ఫిషర్ వాళ్ళ గోల్డ్ బగ్ 2 అనలాగ్ మిషనే, 71 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, 1990ల నాటి డిజైను. గోధుమ గింజంత బంగారం వెతికేవాళ్ళు దాన్ని ఇప్పటికీ వదల్లేదు.

ఇక స్టాఫర్డ్‌షైర్ నిధి. 2009 జులైలో టెర్రీ హెర్బర్ట్ అనే ఆయన ఓ రైతు పొలంలో ఆంగ్లో శాక్సన్ బంగారం బయటపెట్టాడు. మొత్తం సుమారు 4 కిలోల బంగారం, ఒకటిన్నర కిలోకి పైగా వెండి. విలువ 32 లక్షల 85 వేల పౌండ్లని కట్టారు, ఆయనకీ రైతుకీ సగం సగం. ఆయన చేతిలో ఉన్నది 14 ఏళ్ళ పాత డిటెక్టర్, పాత సామాన్ల సంతలో రెండున్నర పౌండ్లకి కొన్నది! ఈ కథ చెప్పగానే అది అదృష్టం అని కొట్టిపారేస్తారు. అదృష్టమే మరి! ఆ అదృష్టం పాత మిషన్‌కి కూడా వినిపించిందనేగా నేను చెప్పేది. ఆ నిధి ఉన్నది నాగలి తగిలే పైమట్టిలో. 2012లో ఆ పొలాన్ని మళ్ళీ దున్నాక పురావస్తువాళ్ళు వెళ్ళి వెతికితే ఇంకో 90 దాకా ముక్కలు దొరికాయి. ఏ పొలంలో నడవడానికి రైతు ఒప్పుకున్నాడు, ఎన్ని గంటలు నడిచారు, ఎప్పుడు దున్నారు అన్నవాటి తర్వాతే మిషన్ మోడల్ లెక్కకొచ్చేది.

పాతవాటికి ఉన్న అసలు బలహీనత రిపేరు. టెసోరో 2018లో మూతపడింది, వైట్స్ 2020లో. జీవితకాలపు గ్యారంటీ అన్న కాగితం కంపెనీతోపాటే పోయింది. అయితే నా డబ్బా విప్పితే లోపల సోల్డరింగ్ ఐరన్‌తో మార్చుకోదగ్గ మామూలు పార్టులే ఉంటాయి. వైర్‌లెస్ కాయిల్లోనే బ్యాటరీ బిగించి అమ్మే ఇప్పటి మిషన్‌కి పదేళ్ళ తర్వాత ఆ బ్యాటరీ ఎవరిస్తారో కొనేముందే అడిగి పెట్టుకోండి.

వారాంతపు సరదాకి ఇంత ఆవేశం దేనికి అంటారేమో. ఇది సరదా దగ్గరే ఆగట్లేదండీ, ఆవేశం అందుకే. ఇరాక్ చెక్‌పోస్టుల్లో బాంబులు పట్టడానికని ఏడీఈ 651 అనే సాధనాన్ని వేల డాలర్లు పోసి కొన్నారు. కిలోమీటరు దూరం నుంచే పసిగడుతుందని ప్రచారం. లోపల బ్యాటరీ లేదు, సర్క్యూటు లేదు. ప్లాస్టిక్ పిడికి ఊగే యాంటెనా ఒకటి, అంతే. గోల్ఫ్ బంతులు వెతుకుతుందని చెప్పి 20 డాలర్లకి అమ్మిన బొమ్మకి మారువేషం వేశారు. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కి 2013లో లండన్ కోర్టు పదేళ్ళ జైలు వేసింది. ఈలోగా ఆ చెక్‌పోస్టులు దాటి వెళ్ళిన బాంబులకి ఎంతమంది పోయారో! 2016లో బాగ్దాద్ కరాదా పేలుడు తర్వాత గానీ ప్రధాని వాటిని పక్కన పెట్టమనలేదు. అంతమంది అధికారుల్లో ఒక్కరు స్క్రూడ్రైవర్ తీసి దాన్ని విప్పి చూసినా ఆ వ్యాపారం అక్కడితో ఆగేది.

మన దగ్గర ఇదే కథకి గుప్తనిధులు అని పేరు. పాడుబడ్డ గుళ్ళ దగ్గర తవ్వుతూ ముఠా దొరికింది, వాళ్ళ దగ్గర మెటల్ డిటెక్టర్ దొరికింది అని రెండు తెలుగు రాష్ట్రాల పేపర్లలోనూ వస్తూనే ఉంటుంది. "30 అడుగుల లోతు చూసే కొత్త మోడల్ వచ్చిందటగా, వచ్చేటప్పుడు తెస్తావా?" అని నన్నే అడిగిన చుట్టాలున్నారు. పైన చెప్పిన లెక్కే వాళ్ళకీ చెప్పాను. 9 అంగుళాల దగ్గర వినిపించే నాణెం అదే కాయిల్‌కి 30 అడుగుల దగ్గర వినిపించాలంటే సిగ్నల్ 400 కోట్ల రెట్లు పెరగాలి. బిందెడు బంగారమే ఉందనుకున్నా, పెద్ద కాయిల్‌తో కొన్ని అడుగులు, అంతే. ఈలోపు 30 అడుగులన్నవాడు అడ్వాన్సు పుచ్చుకుని పోతాడు, అప్పు తెచ్చినవాడు రాత్రిపూట గుడి పునాది కింద పలుగు దింపుతాడు. రక్షిత కట్టడమైతే 1958 చట్టం కింద అది నేరం. నిజంగానే ఏదైనా దొరికిందే అనుకోండి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది.