పేరుతో మొదలయ్యే పాఠం

స్త్రీల ఓటుహక్కు చరిత్రను ఇకపై ఒక్క వాక్యంలో ముగియనివ్వం. రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చిందని చెప్పి పేజీ తిప్పేస్తే, ఇచ్చిన చెయ్యి కనిపిస్తుంది గానీ అడిగిన గొంతు వినిపించదు. ఆ గొంతును తరగతి గదిలోకి తేవాలని ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం, విద్యార్థులం ఈ ఉద్యమానికి పూనుకుంటున్నాం. మా విశ్వాసాలివి.

1. ఓటు దానం కాదు, సాధన. 1917 డిసెంబరులో మద్రాసులో సరోజినీ నాయుడు నాయకత్వాన ఒక బృందం బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, స్త్రీలకూ పురుషులతో సమానంగా ఓటు కావాలంది. 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ నిర్ణయాన్ని ఇక్కడి శాసనమండళ్లకు వదిలేసింది. 1921లో మద్రాసు మండలి ఒప్పుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందివే. నిజాం ఏలుబడిలోని తెలంగాణ కథ వేరు. దాన్ని వేరుగానే చెప్పాలి.

2. బయట ఉండిపోయిన వాళ్లూ చరిత్రే. 1921లో స్త్రీలకు దక్కింది పురుషులకున్న షరతులతోనే: ఆస్తి ఉండాలి, పన్ను కట్టాలి. నాట్లు వేసే కూలి మనిషికి ఆ జాబితాలో చోటు లేదు. గెలుపు గురించి చెప్పిన నోటితోనే ఈ మాటా చెప్పాలి.

3. పేరు లేనిదే పౌరసత్వం లేదు. మా ఉద్యమం పుట్టింది ఇక్కడే. మొదటి సాధారణ ఎన్నికలకు జాబితా రాసేందుకు గుమాస్తా గుమ్మంలో నిలబడ్డాడు. పేరేంటమ్మా అన్నాడు. ఫలానా వారి భార్యనని ఒక ఇంట, ఫలానా వారి కూతుర్నని ఇంకో ఇంట జవాబు. పరాయి మగాడికి సొంత పేరు చెప్పే ఆచారం లేదు మరి. అలా రాస్తే చెల్లదని ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు, ముఖ్యంగా బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి చోట్ల, జాబితాకు ఎక్కలేదు. అది కఠినమైన నిర్ణయం. సరైనదేనని మాలో ఎక్కువమంది నమ్మకం, కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన పిల్లల ముందే జరగాలి.

4. తేదీల పట్టీ చదువు కాదు. స్విట్జర్లాండ్‌లో జాతీయ ఎన్నికల ఓటు స్త్రీలకు 1971లో గానీ రాలేదంటే పిల్లలు నమ్మరు. ఎందుకు ఆలస్యమైందని వాళ్లు అడిగిన క్షణాన పాఠం మొదలైనట్టు.

5. రేపటి తరగతిలో 1921 మండలి మళ్లీ కొలువుతీరుతుంది. ఒక అమ్మాయి వ్యతిరేకుల పక్షాన లేచి మాట్లాడుతుంది, ఒక అబ్బాయి ఆమెకు జవాబు వెతుక్కుంటాడు. గోడమీద రాజుల పటాల పక్కన ఊళ్లోని ముసలమ్మల పేర్లుంటాయి, ఇంటిపేరుతో సహా.

మాతో నడవదలచినవారికి సభ్యత్వ రుసుం లేదు, ఒక పని ఉంది. మీ అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరేమిటో ఇంట్లో అడగండి. ఫలానా వారి భార్య అంటే ఒప్పుకోకండి, మళ్లీ అడగండి.